గొడ్డలిని చూడకుండా మాటకు మూలం చెప్పొచ్చా?

లాబ్రిస్ అనే ఇంగ్లీషు మాట మీద ఈమధ్య ఒక పోస్టు చదివాను. రెండు వైపులా అంచు ఉన్న గొడ్డలిని అలా అంటారు. లాటిన్‌లో పెదవిని లాబ్రుమ్ అంటారట. గొడ్డలి అంచులు రెండూ రెండు పెదవుల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరొచ్చిందట. చదవడానికి ఎంతో బాగుంది, మెచ్చుకున్నవాళ్లూ చాలామందే ఉన్నారు. కానీ పక్కనే పెట్టిన బొమ్మ వంక ఎవరూ చూసినట్టు లేదు. పెదవులు ఎదురెదురుగా ఉంటాయి, ఒకదాన్నొకటి తాకుతాయి. ఈ గొడ్డలి అంచులు వీపులు ఆనించుకుని చెరో దిక్కుకు తిరిగి ఉంటాయి.

ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అనొచ్చు. నాకు ఇది చిన్నదిగా తోచడం లేదు. మాటల పుట్టుక చెప్పే పోస్టులు ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్లోకి వచ్చి పడుతున్నాయి. అవి మాటను పట్టుకుంటాయి గానీ, ఆ మాట ఏ వస్తువుకు పేరో, ఆ వస్తువు ఎవరి చేతిలో ఏం పని చేసేదో పట్టించుకోవు. పనిముట్టు పేరుకు మూలం చెప్పదలుచుకుంటే ముందు పనిముట్టును చూడాలని నా పట్టుదల. శబ్దాలు కలిస్తే చాలదు. పోలిక అందంగా ఉంటే అసలే చాలదు. రెండంచుల గొడ్డలికి ఉన్న పేర్లు తిరగేస్తే ఎందుకిలా అంటున్నానో తెలుస్తుంది. నా వాదానికి అడ్డొచ్చే సాక్ష్యం కూడా ఆ పేర్లలోనే ఉంది, దానికీ వస్తాను.

లిడియా వాళ్ల మాట

లాబ్రిస్‌కు లాటిన్‌తో సంబంధం లేదు. ఈ మాట మనదాకా వచ్చింది పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ వల్ల. గ్రీకుల ఆచారాల మీద ఆయన ప్రశ్నలూ జవాబులుగా రాసిన పుస్తకంలో ఒక ప్రశ్న ఉంది: కారియాలో (ఇప్పటి టర్కీలో, లిడియా పొరుగునే ఉన్న ప్రాంతం) గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్ విగ్రహం చేతిలో రాజదండమో పిడుగో ఉండాల్సింది పోయి గొడ్డలి ఎందుకుంది? జవాబుగా ఒక కథ చెబుతాడు. గ్రీకు వీరుడు హెరాక్లీస్, అమెజాన్లనే యోధ స్త్రీల రాణి హిప్పొలితను చంపి ఆమె గొడ్డలిని తెచ్చి లిడియా రాణి ఓంఫలేకు ఇచ్చాడు. ఆమె తర్వాత లిడియా రాజులు దాన్ని పవిత్రంగా మోస్తూ వచ్చారు. కాండాలెస్ అనే రాజు మాత్రం లక్ష్యపెట్టక దాన్ని పక్కనున్నవాడి చేతికిచ్చాడు. గైగెస్ తిరుగుబాటు చేసినప్పుడు మిలాసా నుంచి సాయంగా వచ్చిన అర్సెలిస్ ఆ రాజును చంపి, గొడ్డలిని కారియాకు పట్టుకుపోయి దేవుడి చేతిలో పెట్టాడు. లిడియా వాళ్లు గొడ్డలిని లాబ్రిస్ అంటారు కాబట్టి ఆ దేవుడికి లాబ్రాండియస్ అన్న పేరు వచ్చిందని ముగిస్తాడు.

కథ సంగతి ఎలా ఉన్నా, ఆ దేవుడి గుడి నిజం. ఇప్పటి టర్కీలో మిలాస్ ఊరికి దగ్గర్లో, కొండ మీద, లాబ్రాండా శిథిలాలు ఉన్నాయి. కారియాను ఏలిన మౌసోలస్ కాలపు వెండి నాణేల మీద భుజాన రెండంచుల గొడ్డలి పెట్టుకుని నిలబడ్డ జ్యూస్ కనిపిస్తాడు. మాట, ఊరు, వస్తువు మూడూ ఒకేచోట దొరికాయి. ఇంతకంటే గట్టి ఆధారం పాత మాటలకు అరుదుగా ఉంటుంది.

లిడియా భాష కూడా లాటిన్ లాగే ఇండో-యూరోపియన్ కుటుంబానిదే కదా, దూరపు చుట్టరికం ఉండొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ చుట్టరికం వేరు, ఒకదాన్నుంచి మరొకటి రావడం వేరు. చుట్టరికమైనా సరే, అంచును పెదవి అన్నారని లిడియా భాషలో ఒక్క ఆనవాలైనా చూపించి మాట్లాడాలి.

ఈ మాటతోనే ఇంకో పెద్ద కథ అల్లుకుంది. 1900లో ఆర్థర్ ఎవాన్స్ క్రీట్ ద్వీపంలో నోసోస్ రాజభవనం తవ్వినప్పుడు అక్కడి రాళ్ల మీద రెండంచుల గొడ్డలి గుర్తులు విస్తారంగా కనిపించాయి. లాబిరింత్ (గ్రీకు కథల్లో క్రీట్‌లో ఉన్న చిక్కుదారుల భవనం) అంటే లాబ్రిస్ ఉన్న ఇల్లు, గొడ్డళ్ల మందిరం అన్న వివరణ ఆ తర్వాత లోకమంతా పాకింది. ఇది పెదవుల కథ లాంటిది కాదు, దీని వెనక చూసిన వస్తువులున్నాయి. అయినా నాకు పూర్తి నమ్మకం కుదరదు. 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించిన లీనియర్ బి అనే బాగా పాత గ్రీకు లిపిలో నోసోస్ మట్టి పలక ఒకటుంది. దేవతలందరికీ ఒక జాడీ తేనె, లాబిరింత్ అమ్మవారికి ఒక జాడీ తేనె అని అందులో లెక్క రాశారు. అక్కడ ఆ మాట దపురితో అన్నట్టుగా, ద అక్షరంతో మొదలవుతుంది. ద, ల ఒకదానికొకటి మారడం గ్రీకుకు ముందటి పేర్లలో ఉన్నదే, కాబట్టి ఈ వివరణ చచ్చిపోలేదు. కానీ ఋజువూ కాలేదు. గోడరాళ్ల మీది గుర్తుల్లో కొన్ని తాపీవాళ్లు పెట్టుకున్న పని గుర్తులే కావచ్చన్న వాదన కూడా ఉంది. ఇంత అనుమానం ఉన్నదాన్ని పర్యాటకుల పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. నాకు అభ్యంతరం అక్కడే.

రెక్కలా, పదునా?

ఈ గొడ్డలి పేర్లలో నిజంగా లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చినవి చూద్దాం. పుస్తకాల దారిన వచ్చింది బిపెన్నిస్. బి అంటే రెండు, పెన్నా అంటే ఈక, రెక్క. రెండు రెక్కలది. మన ద్విలో ఉన్నదీ లాటిన్ బిలో ఉన్నదీ ఒకటే. ఈకతో రాసేవాళ్లు కాబట్టి పెన్నా నుంచే పెన్ను వచ్చింది. ఆ పెన్నాకు సంస్కృతంలో దగ్గరి చుట్టం పత్రం. ఎగరడం, పడడం అనే అర్థాలున్న ధాతువు ఈ రెండింటికీ మూలం. పత్రం అంటే మనకు ముందు ఆకే తోస్తుంది గానీ, అమరకోశం వల్లెవేసినవాళ్లకు గరుత్తు, పక్షం, ఛదం, పత్రం, పతత్రం అని రెక్క పేర్ల వరస గుర్తుండే ఉంటుంది.

అయితే రెండు వేల ఏళ్ల కిందటే రోమ్‌లో దీని మీద తగవు నడిచింది. ఒకటో శతాబ్దంలో వక్తృత్వం నేర్పిన క్వింటిలియన్, పిల్లలకు అక్షరాలు చెప్పే తీరు గురించి రాస్తూ ఈ మాటను ఎత్తుకున్నాడు. పిన్నుమ్ అంటే పదునైనది, రెండు వైపులా పదునుంది కాబట్టి ఆ గొడ్డలికి ఆ పేరు, రెండు ఈకల నుంచి వచ్చిందనుకునేవాళ్ల పొరపాటులో పడొద్దని హెచ్చరించాడు. ఏడో శతాబ్దపు సెవిల్ బిషప్ ఇసిడోర్ రెండింటినీ రాజీ చేశాడు. రెండు ఈకల్లాంటి అంచులు కాబట్టి ఆ పేరు, పూర్వులు పదునైనదాన్ని పెన్నుమ్ అనేవారు, పక్షుల ఈకలకు కూడా ఆ పదును వల్లే ఆ పేరు అన్నాడు.

నాకు ఇబ్బంది పెట్టే సాక్ష్యం ఇదే. క్వింటిలియన్ నేను మెచ్చే రకం మనిషి. అందమైన పోలికకు లొంగకుండా గొడ్డలి చేసే పనిని చూసి, అది నరుకుతుంది కాబట్టి పదును నుంచి పేరు వచ్చిందన్నాడు. ఈనాటి నిఘంటువుల్లో ఎక్కువ భాగం ఆయన పక్షాన లేవు, రెక్కల వైపే ఉన్నాయి. పదునైనదని అర్థమిచ్చే ఆ పిన్నుమ్ వ్యాకర్తల నోటనే తప్ప వేరే ఎక్కడా వినిపించదు. అంటే జాగ్రత్తగా ఆలోచించినవాడు తప్పాడు, కవిత్వం లాంటి వివరణ నెగ్గింది. అందంగా ఉంది కదా అని నమ్మకూడదు సరే, అందంగా ఉంది కదా అని కొట్టిపారేయడానికీ లేదన్నమాట.

చాలా రోజులు దీన్ని మనసులో తిప్పుకున్నాను. చివరికి నాకు తోచింది ఇది. క్వింటిలియన్ గొడ్డలి పనిని చూశాడు, రూపాన్ని చూడలేదు. క్రీట్‌లో అర్కలోఖోరి గుహలో 1934లో స్పిరిడాన్ మరినాటోస్ తవ్వి తీసిన రెండంచుల గొడ్డళ్ల ఫొటోలు చూడండి. కంచువి గుట్టలుగా ఉన్నాయి, బంగారు రేకుతో చేసిన బుల్లి గొడ్డళ్లూ ఉన్నాయి. నడుమ సన్నగా, కామ దూర్చే బెజ్జం దగ్గర ఇరుగ్గా మొదలై, అంచు దగ్గరికి వచ్చేసరికి వెడల్పుగా విచ్చుకుంటాయి. బల్ల మీద పరిస్తే రెక్కలు చాచిన సీతాకోకచిలుకే. పేరు పెట్టినవాళ్లు గొడ్డలిని చూడకుండా పెట్టలేదు, క్వింటిలియన్ కంటే బాగా చూసే పెట్టారు. కాబట్టి నా పట్టుదల నిలబడిందనే అనుకుంటున్నాను. కాకపోతే చూడడమంటే పదును ఒక్కటే చూడడం కాదని ఒప్పుకోవాలి.

పేరు మిగిలి, రెండో అంచు పోయింది

బిపెన్నిస్ కథ అక్కడితో ఆగదు. కవులకు ఈ మాట మీద మక్కువ. రోమన్ కవి వర్జిల్ కావ్యంలో గ్రీకు యోధుడు పిర్రస్ ట్రాయ్ రాజభవనం గడప బద్దలు కొట్టింది బిపెన్నిస్‌తోనే, కమిల్లా అనే యోధురాలు యుద్ధంలో ఎత్తినదీ అదే. నాలుగు చోట్ల గొప్ప కవులు వాడేసరికి ఆ మాట గొడ్డలికి గంభీరమైన పర్యాయపదమైపోయింది. ఆరో శతాబ్దంలో టూర్ బిషప్ గ్రెగరీ, ఇప్పటి ఫ్రాన్సును ఏలిన ఫ్రాంకుల చరిత్ర రాస్తూ, సొయ్‌సోన్ పాత్ర కథ చెప్పాడు. కొల్లగొట్టిన సొమ్ములో గుడి పాత్రను రాజు క్లోవిస్ అడిగితే, ఒక సైనికుడు బిపెన్నిస్ ఎత్తి దాన్ని కొట్టాడు. తర్వాత క్లోవిస్ వాడి తల పగలగొట్టింది సెక్యూరిస్‌తో, అంటే లాటిన్‌లో మామూలు గొడ్డలితో. ఫ్రాంకుల సమాధుల్లో దొరికిన గొడ్డళ్లు ఒకే అంచువి. గ్రెగరీ రాతలో మాట రెండంచులది, సైనికుడి చేతిలో వస్తువు ఒకే అంచుది.

మన అమరకోశమూ కుఠారం, స్వధితి, పరశువు, పరశ్వధం అని నాలుగు మాటలు ఒకే పంక్తిలో కట్టింది. ఏది ఏ ఆకారంలో ఉండేదో అది చెప్పదు. పద్యంలో ఏది కుదిరితే అది వాడుకోవడానికి వీలే గానీ, ఆ వరసను బట్టి పరశురాముడి చేతిలో ఏ రకం గొడ్డలి ఉండేదో తేల్చబోతే గ్రెగరీ లాటిన్‌ను నమ్మినట్టే అవుతుంది.

ఈ అజాగ్రత్త కొన్నిసార్లు రాజకీయంగానూ తేలుతుంది. 1940 తర్వాత ఫ్రాన్సులో జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వం రెండంచుల గొడ్డలిని తన చిహ్నం చేసుకుని ఫ్రాన్సిస్క్ అని పిలిచింది. ఆ పేరుతో పతకమూ ఇచ్చింది. అసలు ఫ్రాన్సిస్కా అంటే ఫ్రాంకులు విసిరిన ఒకే అంచు గొడ్డలి. గతాన్ని ఆవాహన చేస్తున్నామని చెప్పుకుని ఆ గతంలో లేని వస్తువును ఛాతీకి తగిలించుకున్నారు. గ్రీసులో 1936 నుంచి పాలించిన మెటాక్సాస్ నియంతృత్వమూ రెండంచుల గొడ్డలినే వాడుకుంది. 1970ల్లో లెస్బియన్ స్త్రీల ఉద్యమం అదే బొమ్మను అమెజాన్ల పేరు మీద తన గుర్తుగా తీసుకుంది. ఎవరి కథ వాళ్లది. ఉద్యమం చేసిన పనిలో నాకు తప్పు కనిపించదు, వాళ్లు కొత్త గుర్తు కట్టుకున్నారు.

కట్టెల అడితిలో

మా ఊళ్లో ఇంకా నడుస్తున్న కట్టెల అడితి ఒకటుంది. పెళ్లి వంటలకూ హోటళ్లకూ మొద్దులు చీల్చి ఇస్తారు. అక్కడ పనిచేసే పెద్దాయనకు ఫోన్లో ఈ రెండంచుల గొడ్డలి బొమ్మ చూపించాను.

“ఇదేం గొడ్డలి బాబూ, మేకు దేంతో కొడతారు?” అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన చీలుస్తున్న చింతమొద్దు చూపించాడు. ముందు అంచుతో ఒక దెబ్బ వేసి సందు చేశాడు. ఆ సందులో ఇనుప మేకు నిలబెట్టి, గొడ్డలి తిప్పి వెనక మొద్దుభాగంతో దాని నెత్తిన నాలుగు దెబ్బలు వేశాడు. మొద్దు కరకరమంటూ విచ్చింది. గొడ్డలి వెనకభాగం నిగనిగలాడుతోంది, దెబ్బలకు అంచులు కాస్త పైకి మడత పడ్డాయి. ఆయన పనిలో సగం ఆ వెనకభాగానిదే. “రెండు పక్కలా పదునుంటే ఎత్తినప్పుడల్లా వీపు కాసుకోవాలి” అని కూడా అన్నాడు.

19వ శతాబ్దంలో అమెరికా అడవుల్లో కలప కొట్టేవాళ్లు రెండంచుల గొడ్డలి విరివిగా వాడారు. వాళ్ల పని చీల్చడం కాదు, నిలబడ్డ చెట్టును పడేయడం. ఒక అంచును సన్నగా నూరి కాండానికి వాడేవాళ్లు, రెండోదాన్ని కాస్త మందంగా ఉంచి కణుపులకూ, రాయి తగిలే నేల దగ్గరి నరుకుళ్లకూ వాడేవాళ్లు. అడవిలో సాన వెతుక్కోనక్కర్లేకుండా కాలం కలిసొచ్చేది. గొడ్డలిని అటూ ఇటూ తిప్పాలి కాబట్టి దాని కామ వంపు లేకుండా తిన్నగా ఉండాలి. రెండో అంచు అలంకారం కాదు, దానికో పని ఉంది. ఏ నిఘంటువూ నాకు ఇది చెప్పలేదు. అడితిలో ఆ ప్రశ్న విన్నాక వెతికితే తెలిసింది.

అందుకే లాటిన్ నుంచి వచ్చిన రెండో మాట మీద నాకు ఎక్కువ ఇష్టం. అది కార్ఖానా దారిన వచ్చింది. మధ్యయుగపు లాటిన్‌లో బిసకూటా, అంటే రెండుమార్లు పదునైనది. ఇక్కడ రెక్కలూ ఈకలూ లేవు, క్వింటిలియన్ కోరుకున్న అర్థమే సూటిగా ఉంది. అది పాత ఫ్రెంచిలో బెసగ్యూ అయి, నార్మన్ల వెంట ఇంగ్లీషులోకి దిగింది. ఆయుధానికీ అదే పేరు, వడ్రంగి పనిముట్టుకీ అదే పేరు. 1066లో విలియం సేన ఇంగ్లండు తీరాన దిగిన ఘట్టాన్ని వర్ణిస్తూ 12వ శతాబ్దపు నార్మన్ కవి వేస్ వడ్రంగుల పక్కన వేలాడే బెసగ్యూలను ప్రస్తావించాడు. ఇంగ్లీషులో ఆ మాట పాతబడి పోయింది. ఫ్రెంచి వడ్రంగుల దగ్గర మాత్రం బిజెగ్యూ ఇప్పటికీ ఉంది. అది గొడ్డలి కాదు. మీటరు దాటిన ఇనుప కడ్డీ, ఒక కొసన వెడల్పు ఉలి, ఇంకో కొసన బెజ్జాలు తొలిచే సన్న ఉలి, నడుమ పట్టుకోవడానికి పిడి. రెండు పదునులూ మిగిలాయి, గొడ్డలి పోయింది.

ఇంగ్లీషు వాళ్ల సొంత మాట ట్వైబిల్ కూడా ఇదే దారి పట్టింది. ట్వై అంటే రెండు, బిల్ అంటే కత్తి అలుగు. బిపెన్నిస్‌కు అర్థంగా పాత ఇంగ్లీషు పదకోశాలు దీన్నే రాశాయి. తర్వాత్తర్వాత అది తడికలు కట్టేవాళ్లూ వడ్రంగులూ బెజ్జాలు తొలవడానికి వాడే పనిముట్టు పేరైంది. చేతిలో ఉన్న పనితోపాటు మాట కూడా నడిచింది. బిపెన్నిస్‌కు ఆ అదృష్టం లేదు, కావ్యంలో ఎక్కడ నిలబెట్టారో అక్కడే ఉంది.

పరశువు దగ్గర కూడా ఇదే కొలత

ఇదంతా పరాయి భాషల గొడవ, మనకేం అనుకోవడానికి లేదు. గ్రీకులో గొడ్డలి పెలెకుస్, సంస్కృతంలో పరశువు. ఈ రెండూ ఒకటేనని పండితులు ఎప్పుడో గుర్తించారు. మనవాళ్లు కొందరు దీన్ని చూపించి గ్రీకులు మన దగ్గరే నేర్చుకున్నారంటారు. పాశ్చాత్య పండితులు కొందరు అంతే తొందరగా ఇది మెసపొటేమియా నుంచి వచ్చిన అరువు మాట అన్నారు. అక్కడి అక్కాదియన్ భాషలో పిలక్కు అనే మాట ఉంది, శబ్దం చక్కగా కలిసింది. తీరా మట్టి పలకల్లో ఆ మాట వాడిన సందర్భాలు చూస్తే పిలక్కు అంటే గొడ్డలి కాదు, కదురు. నూలు వడికే కదురును తెచ్చి గొడ్డలికి తాతను చేశారు. రెండు పక్షాల తొందరా ఒకటే.

వస్తువును చూసినవాళ్ల నోట వచ్చిన మాట ఎలా ఉంటుందో గ్రీకు కావ్యం ఇలియడ్ 23వ సర్గలో కనిపిస్తుంది. స్నేహితుడు పాట్రోక్లస్ అంత్యక్రియల పోటీల్లో వీరుడు అఖిలీస్ విలుకాళ్లకు పది పెలెకుస్‌లూ పది హెమిపెలెక్కాలూ బహుమతిగా పెట్టాడు. పావురాన్ని కొట్టినవాడికి మొదటివి, దాన్ని కట్టిన తాడును కొట్టినవాడికి రెండోవి. హెమిపెలెక్కన్ అంటే సగం గొడ్డలి, అంటే ఒకే అంచుది. ఆ కవికి గొడ్డలి అంటేనే రెండంచులది. మన అడితి పెద్దాయన గొడ్డలి ఆ కవి లెక్కలో సగానిదే. రెండంచులు అని విడిగా చెప్పాల్సి వచ్చిన లాటిన్‌కూ, ఒక అంచు అని విడిగా చెప్పాల్సి వచ్చిన గ్రీకుకూ ఉన్న ఈ తేడాలో ఆ కాలపు చేతులూ పనులూ కనిపిస్తాయి. ఒక్క లాబ్రుమ్ పట్టుకుని వేలాడితే ఇదేదీ దొరకదు.

అన్నీ తెలుసుకోవడం తగదా?

నా వాదం మీద రోమన్ కవి హోరేస్ ఎప్పుడో ఒక మాట అన్నాడు. క్రీ.పూ. 15లో ఆల్ప్స్ ప్రాంతపు విండెలికి జాతిని రోమన్లు గెలిచిన సందర్భంలో ఆయన ఒక విజయగీతం రాశాడు. అందులో హఠాత్తుగా ఆగి, వీళ్ల కుడిచేతులకు అమెజాన్ల గొడ్డలి పట్టే ఆచారం ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగడం వాయిదా వేశాను, అన్నీ తెలుసుకోవడం తగదు కూడా అంటాడు. పద్యం నడకకు అడ్డం పడిన ఈ పంక్తులు ఆయనవి కావని కొందరు సంపాదకులు తీసేశారు కూడా. నేనైతే ఉంచుతాను. తెలియనిదానికి కథ కట్టకుండా వాయిదా వేశానన్నాడు, అందుకు ఆయన మీద గౌరవం ఉంది. తగదు అన్న మాటను మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటే సాక్ష్యం ఆయనకు దగ్గర్లోనే ఉంది. రోమ్‌కు వాయవ్యంగా వెటులోనియా అని, రోమన్ల కంటే ముందు ఇటలీలో వెలిగిన ఎట్రుస్కన్ల ఊరు. ఇసిడోరో ఫాల్కి అక్కడ తవ్వి తీసిన రాతిఫలకం మీద క్రీ.పూ. ఏడో శతాబ్దపు యోధుడొకడు ఉన్నాడు. కుచ్చు శిరస్త్రాణం, గుండ్రటి డాలు, చేతిలో రెండంచుల గొడ్డలి, చుట్టూ ఆవెలె ఫెలుస్కె అని అతని పేరు. అదే ఊళ్లో 1898లో ఒక సమాధిలో చిన్న ఇనుప కడ్డీల కట్ట బయటపడింది, దాంట్లో గుచ్చిన గొడ్డలికీ రెండు అంచులే. రోమన్ అధికారుల ముందు నడిచిన కడ్డీల కట్ట వెటులోనియా నుంచే వచ్చిందని కవి సిలియస్ ఇటాలికస్ రాశాడు. రోమన్లు తమదిగా చేసుకున్నాక అందులో గొడ్డలికి ఒకే అంచు మిగిలింది. ఆ రెండో అంచు ఎప్పుడు, ఎందుకు పోయిందన్నదే అడగాల్సిన ప్రశ్న. హోరేస్ దానికోసం ఆల్ప్స్ దాకా, అమెజాన్ల దాకా పోనక్కర్లేదు, వెటులోనియా నుంచి మొదలుపెట్టాల్సింది.